సంఘ కూటంలో ఉమ్మడి విలువల గురించి, అందరినీ కలుపుకోవడం గురించి ఎలా మాట్లాడుకోవాలి?

"అందరికీ స్వాగతం" అని గుమ్మం మీద రాసుకోవడం తేలిక. ఆ మాట నమ్మి లోపలికి వచ్చినవాళ్లకు సంఘం తీసుకునే నిర్ణయాల్లో చోటు ఉందా అని అడగడమే కష్టం. విశ్వాసులందరూ యాజకులే అనే బోధను సంస్కరణోద్యమం నాటి నుంచి పట్టుకుని ఉన్న ప్రొటెస్టంట్ సంఘాలు ఈ ప్రశ్నను పక్కన పెట్టలేవు.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"మన విలువలు ఏమిటి?" అని అడిగితే ప్రేమ, ఐక్యత, సేవ అని అందరూ చెప్పేస్తారు. చర్చ అక్కడే ఆగిపోతుంది. దానికి బదులు "కొన్నాళ్లు వచ్చి మానేసినవాళ్లు ఎవరు? ఎందుకు మానేశారు?" అని అడగండి. లేదా "మన కమిటీలో ఎవరి గొంతు వినిపించడం లేదు?" అని అడగండి. ఒక కూటానికి ఒక ప్రశ్న చాలు. దాన్ని వారం ముందే ప్రకటనల్లో చెప్పేయండి.

2. వాక్యంతో మొదలుపెట్టండి

క్రీస్తులో యూదుడనీ గ్రీకువాడనీ, దాసుడనీ స్వతంత్రుడనీ, పురుషుడనీ స్త్రీ అనీ తేడా లేదని చెప్పే గలతీయులకు 3:28 అందరికీ తెలిసిందే. కానీ ఈ చర్చకు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఇంకా బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. యెరూషలేములోని తొలి సంఘంలో, రోజువారీ ఆహార పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును తిరుగుబాటు అనలేదు. ఓర్చుకోమని ప్రసంగం చేయలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఆ ఏడూ గ్రీకు పేర్లే. అంటే, ఫిర్యాదు చేసినవాళ్ల వైపు మనుషుల చేతికే పంపకం బాధ్యత వెళ్లిందని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. ఈ భాగాన్ని గట్టిగా చదివించి, "మన సంఘంలో ఇలాంటి సణుగుడు ఎక్కడ ఉంది?" అని అడిగి, కాసేపు మౌనంగా ఉండండి. ఆ మౌనానికి కంగారుపడి మీరే జవాబు చెప్పేయకండి.

3. మాట్లాడే వీలు కల్పించండి

చర్చను పాస్టర్ గారు కాకుండా వేరే ఎవరైనా నడిపితే మంచిది. ఆయన మీద గౌరవంతోనే చాలామంది ఆయన ఎదుట వేరే మాట అనరు. ఐదారుగురి చొప్పున కూర్చోబెట్టండి. మొదటి విడతలో తలా రెండు నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు చీటీ రాసి ఇవ్వొచ్చు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు మైక్, చక్రాల కుర్చీ వాడేవాళ్లకు గుంపు మధ్యలోనే చోటు, భాష రానివాళ్లకు పక్కన అనువదించే మనిషి ఉండాలి.

విడాకులు తీసుకున్న ఒక్క మనిషిని పట్టుకుని "మీలాంటివాళ్లకు ఏం కావాలి?" అని అడగకండి. ఆ మనిషి తన సంగతి మాత్రమే చెప్పగలరు. ఇక్కడ విన్నది ప్రార్థన విన్నపం పేరుతో కూడా బయటికి వెళ్లకూడదని మొదట్లోనే అందరి చేత ఒప్పించండి. దీని మీద ఎంత గట్టిగా ఉన్నా తప్పులేదు.

4. భేదాభిప్రాయాన్ని కూడా రాయండి

1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో జరిగిన చర్చలో, సంస్కరణోద్యమ నాయకులైన లూథర్, జ్వింగ్లీల వర్గాలు 15 అంశాల్లో 14 ఒప్పుకున్నాయి. ప్రభువు బల్ల గురించిన చివరి అంశంలో రొట్టె, ద్రాక్షారసంలో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉంటాయా అన్న దగ్గర కుదరలేదని కూడా అదే కాగితం మీద రాశాయి. ఆ రెండు వర్గాల వారసులైన లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు యూరప్‌లో 1973 నాటి లాయెన్‌బర్గ్ ఒప్పందంతో ప్రభువు బల్లలో సహవాసానికి వచ్చాయి. మీరూ రెండు వరుసలు గీయండి: ఒప్పుకున్నవి, ఇంకా తేలనివి. ఏది విశ్వాసానికి మూలం, ఏది మనస్సాక్షికి వదలాల్సింది, ఏది ఉత్త అలవాటు అని విడదీస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మనస్సాక్షి విషయాలకు రోమీయులకు 14వ అధ్యాయం చదువుకోండి. ఎవరైనా వచనాన్ని విసిరి ఎదుటివాళ్ల నోరు మూయించబోతే, ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం కలిసి చదువుదామనండి. మాట అవమానం దాకా వెళితే మాత్రం చర్చ వెంటనే ఆపాలి.

5. పని అప్పగించండి

ప్రార్థన చేసి లేచిపోకముందే ఒక చిన్న మార్పు ఎంచుకోండి. ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా అన్నది రాసి, చదివి వినిపించండి. ఆ పనిలో, ఇబ్బంది చెప్పినవాళ్లకూ వాళ్లు ఒప్పుకుంటే చోటు ఇవ్వండి. వచ్చే కూటంలో మొదట ఆ కాగితమే తీయాలి. పని జరగకపోతే ఎందుకు జరగలేదో మాట్లాడుకున్నాకే కొత్త ప్రశ్నకు వెళ్లండి.