వ్యాసం రాసే ముందు చెప్పాల్సింది ఏమిటో తేల్చుకోండి

తిరుపతిలో గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లలు కొందరు వ్యాసాలు దిద్దిపెట్టమని తెస్తుంటారు. రైతు మీద ఏ టాపిక్ ఇచ్చినా మొదటి వాక్యం మాత్రం మారదు: రైతు దేశానికి వెన్నెముక. ఆ వెనకే ఒక పద్యపాదం, రెండు సూక్తులు, ‘ఆరుగాలం చెమటోడ్చి’ లాంటి మాటలు. చదువుతుంటే బాగానే ఉంటుంది, పేజీ తిప్పాక ఇంతకీ ఏం చెప్పాడని అడిగితే చేతికి ఏమీ తగలదు.

అందుకే పెన్ను పట్టుకునే ముందు మీ వ్యాసం మొత్తాన్ని ఒక్క వాక్యంలో రూమ్మేట్‌కి చెప్పి చూడండి. ‘అది అందరికీ తెలిసిందే కదరా’ అన్నాడంటే మీ దగ్గర ఇంకా సరుకు లేనట్టే. ‘అదెట్లా?’ అని ఎదురు అడిగాడా, రాయడానికి ఏదో దొరికినట్టు.

మన చిత్తూరు తోతాపురినే తీసుకోండి. ‘మామిడి రైతుకు గిట్టుబాటు ధర లేదు’ అన్నది పేపర్లో వచ్చే వార్తే. ఎందుకు లేదో అడగండి. ఈ కాయలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. వాళ్ల దగ్గర నిరుటి గుజ్జు అమ్ముడుపోకుండా మిగిలిపోతే ఈ ఏటి కాయకు ధర పడిపోతుంది, పండిన కాయ ఆగదు కాబట్టి రైతు బేరమాడే పరిస్థితి ఉండదు. 2025లో ధర కుప్పకూలితే కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. ఇప్పుడు మీ వాక్యం ఇలా రాయొచ్చు: ‘ఆ 4 రూపాయలు ఒక సీజన్‌ను గట్టెక్కిస్తాయి గానీ, ఫ్యాక్టరీ తప్ప వేరే గిరాకీ లేనంతకాలం ధర మళ్లీ పడుతుంది.’ కాదనేవాళ్లు ఉంటారు. ఉండాలి కూడా.

ఆ కాదనేవాళ్ల మాట మీరే రాయండి, చాలామంది ఇక్కడే జారుకుంటారు. ‘అయితే వేరే రకం వేసుకోవచ్చుగా?’ మంచి ప్రశ్నే. కొత్త చెట్టు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, అంతదాకా ఇల్లు గడిచేదెట్లా, అప్పు తీరేదెట్లా? దీనికి జవాబు వెతకడానికి ఒక పేరా మొత్తం పోయినా నష్టం లేదు, నిజానికి వ్యాసంలో బలమంతా అక్కడే ఉంటుంది.

భాష అక్కర్లేదని అనడం లేదు, వాక్యం అర్థం కాకపోతే ఐడియా కూడా దాంతోపాటే పోతుంది. పైకి చదువుకోండి, ఊపిరి ఆడని చోట వాక్యాన్ని విరగ్గొట్టండి. సూక్తి తీసేసినా వాదన నిలబడుతుందా? తీసేయండి. మొదటి పేరా కూడా ఓసారి కొట్టేసి చూడండి, చాలాసార్లు అసలు వ్యాసం రెండో పేరాలోనే మొదలవుతుంది.

సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసం పేపర్‌కు 250 మార్కులు, మూడు గంటల్లో రెండు వ్యాసాలు. ఒక్కోదానికి వచ్చే గంటన్నరలో మొదటి 20 నిమిషాలు మీ ఒక్క వాక్యానికీ, దాని మీద వచ్చే ఎదురు ప్రశ్నకూ, రెండు ఉదాహరణలకూ పెట్టుకోండి. పక్కవాడు అప్పటికే పేజీలు తిప్పేస్తున్నా టెన్షన్ పడకండి.