కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినా గేమ్ తడబడుతుంటే: నా అనుభవం

కార్డు మార్చాక సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేమ్‌ల సంఖ్య) పెరిగింది. కానీ జనం ఎక్కువుండే వీధుల్లో, వేగంగా బండి నడిపేటప్పుడు గేమ్ ఆగి ఆగి కదిలేది. డ్రైవర్ తీసి మళ్లీ వేయడం, సెట్టింగ్స్ తగ్గించడం, గేమ్‌ను ఎస్‌ఎస్‌డీకి మార్చడం: ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది ఒక్క పరీక్ష. రిజల్యూషన్‌ను 1440 నుంచి 720కి దించినా ఎఫ్‌పీఎస్ పెరగలేదు, కార్డు వాడకం 60 శాతం దగ్గరే ఉంది. అంటే కార్డుకి పని అందడం లేదు, ఆలస్యం ప్రాసెసర్, ర్యామ్ వైపు. హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిస్తే, ర్యామ్ సింగిల్ ఛానల్‌లో (ప్రాసెసర్‌కి ఒకే దారిలో డేటా వెళ్లేలా), 1066 మెగాహెర్ట్జ్‌తో నడుస్తోంది. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 2133గా చదవాలి. ర్యామ్ స్టిక్ మీద మాత్రం 3200 అని ఉంది.

ముందు ఆ ఒక్క 16 జీబీ స్టిక్ తీసి, ఒకే కిట్‌లో వచ్చిన రెండు 8 జీబీ స్టిక్‌లను ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్లలో పెట్టాను. పక్కపక్కన పెడితే చాలా మదర్‌బోర్డుల్లో రెండూ ఒకే ఛానల్‌లో పడతాయి, అందుకే మాన్యువల్ తప్పక చూడండి. మామూలు వేగంతో ఒకసారి బూట్ చేశాకే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాను. అప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగా ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌కి సరిపడే టైమింగ్ వెతుక్కోవడం), కంగారుపడి పవర్ తీయొద్దు. అసలే బూట్ కాకపోతే సీమాస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగ్స్‌ను మొదటి స్థితికి తెచ్చి) 2933 వేగంతో ప్రయత్నించండి. చివర్లో ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ పూర్తిగా నడపాలి.

తడబాటు దాదాపు పోయింది. ఇది ఆరు కోర్ల డీడీఆర్4 సిస్టమ్. మీ కార్డు ఇప్పటికే 97 శాతం పైన నడుస్తుంటే దీనివల్ల పెద్దగా తేడా రాదు. పాత నాలుగు కోర్ల ప్రాసెసరైతే ర్యామ్ ఒక్కటే సరిపోకపోవచ్చు.