యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్లు – 4వ పాఠం: రైట్ (write) అయిపోయింది, అక్షరాలు ఎక్కడ?

పోయిన పాఠంలో పోర్టు తెరిచి ఒక్క అక్షరం పంపాం. ఈసారి ఆరు వేలు పంపుదాం. అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి.

పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో లారీ కాటాకి బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చాను. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, మధ్యలో యూఎస్‌బీ కన్వర్టరు. విడి చీటీలు బాగానే వచ్చేవి. సాయంత్రం రోజు మొత్తం లెక్క తీస్తే మాత్రం మధ్యమధ్యలో వరసలు మాయం. "నా బండి ఎక్కలేదేటి బాబూ?" అని పాతపట్నం డ్రైవరొకాయన గుమస్తాని నిలదీశాడు. తప్పు నాది, తిట్లు గుమస్తాకి.

ముందు లెక్క చూద్దాం. సెకనుకి 9600 బిట్లు, అంటే 9600 బాడ్‌లో ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే సెకనుకి 960 అక్షరాలు. ప్రోగ్రామ్ అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా పోస్తుంది. అందుకే లినక్స్ జెనరిక్ డ్రైవర్ ప్రతి పోర్టుకీ ఒక మెమరీ పేజీ అంత క్యూ (అక్షరాలు వరసలో ఆగే చోటు) ఇస్తుంది. మామూలు పీసీలో అది 4096 బైట్లు. రైట్ చేసే పనల్లా అందులోకి కాపీ చేసి తిరిగి రావడమే. క్యూలోంచి తీసుకెళ్ళే బళ్ళు యూఆర్‌బీలు (యూఎస్‌బీ రిక్వెస్ట్ బ్లాకులు), పోర్టుకి రెండు. ఒకటి దారిలో ఉండగా రెండోది నింపుకోవచ్చు. బండి ఖాళీ అయిందని కాల్‌బ్యాక్ (పని అయ్యాక కెర్నెల్ పిలిచే ఫంక్షన్) చెప్పగానే డ్రైవర్ మళ్ళీ నింపి పంపుతుంది. ఆ కాల్‌బ్యాక్‌లో నిద్రపోయే పని ఏదీ పెట్టకండి, అది నడిచేది ఇంటరప్ట్ సందర్భంలో, అక్కడ ఆగి ఎదురుచూడకూడదు.

క్యూ నిండా ఉంటే ఖాళీ అవడానికి నాలుగు సెకన్ల పైనే పడుతుంది. ఈలోగా కేబుల్ పీకితే మిగతావి పోయినట్టే.

క్యూలో ఎంత చోటుందో చెప్పేది రైట్‌రూమ్. ఇది అబద్ధమాడకూడదు. టీటీవై పొర (ప్రోగ్రామ్‌కీ డ్రైవర్‌కీ మధ్యనుండే కెర్నెల్ భాగం) ఒక న్యూలైన్‌ని రెండు అక్షరాలుగా మార్చేముందు రెండు చోట్లు ఉన్నాయా అని దీన్నే అడుగుతుంది. ఉన్నాయని చెప్పి తీరా తీసుకోకపోతే ఆ అక్షరం గురించి మళ్ళీ ఎవరూ అడగరు.

ఇక ఫ్లో కంట్రోల్, అంటే అవతల నిండితే ఇవతల పంపడం ఆపడం. కన్వర్టర్ చిప్ నిండితే హోస్ట్‌కి నాక్ (ఇప్పుడు చోటు లేదు, మళ్ళీ రా) అంటుంది. యూఆర్‌బీ ఆగుతుంది, క్యూ నిండుతుంది, రైట్‌రూమ్ సున్నా అవుతుంది, ప్రోగ్రామ్ నిద్రపోతుంది. మనం ఒక్క లైను రాయకుండానే ఇదంతా జరిగిపోతుంది. కానీ ఈ గొలుసు చిప్ దగ్గరే ఆగిపోతుంది. ప్రింటరు నిండిందని చిప్‌కి తెలియాలంటే ఆర్‌టీఎస్-సీటీఎస్ తీగలుండాలి. పంపొచ్చా, ఆగాలా అని చెప్పుకునేది వాటి మీదే. వారం రోజులు డ్రైవర్‌లో వెతికి చివరికి కేబుల్ విప్పి చూస్తే లోపల మూడే తీగలు!

తీగలు లేకపోతే ఎక్స్‌ఆన్-ఎక్స్‌ఆఫ్ (ఆగు, సాగు అని తీగలతో కాకుండా ప్రత్యేక అక్షరాలతో చెప్పడం) ఉందిగా అంటారు. ఉంది, కానీ యూఎస్‌బీలో దానికో మెలిక ఉంది. ప్రింటరు పంపిన 19వ నంబరు అక్షరం (ఎక్స్‌ఆఫ్, అంటే ఆగు) చిప్ దాటి, యూఎస్‌బీ దాటి కెర్నెల్‌కి చేరాకే పై నుంచి పోయడం ఆగుతుంది. అప్పటికే క్యూలో, యూఆర్‌బీల్లో, చిప్‌లో ఉన్నవి ప్రింటరు నెత్తిన పడుతూనే ఉంటాయి. ఆ అక్షరాన్ని చిప్పే గుర్తుపట్టి ఆగితేనే ఉపయోగం. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌లకి ఆ పని వచ్చు, డ్రైవర్ తన సెట్‌టెర్మియోస్‌లో (పోర్టు సెట్టింగులు మార్చే ఫంక్షన్‌లో) దాన్ని ఆన్ చేయాలి. నేనైతే ఏడు తీగల కేబుల్ కొన్నాను.

ఈ వారం పని: ఫ్లో కంట్రోల్ తీసేసి, పోర్టుని 1200 బాడ్‌లో పెట్టి ఒకేసారి 6000 అక్షరాలు రైట్ చేయండి. రైట్ ఎప్పుడు తిరిగొచ్చిందో, తర్వాత పిలిచిన టీసీడ్రెయిన్ (అన్నీ బయటికి పోయేదాకా ఆగే ఫంక్షన్) ఎప్పుడు తిరిగొచ్చిందో రెండు టైములూ రాసుకోండి. మొత్తం 50 సెకన్లు పట్టాలి. టీసీడ్రెయిన్ కాస్త ముందే వచ్చేస్తే మీ డ్రైవర్‌లో టీఎక్స్ఎంప్టీ (చిప్ ఖాళీ అయిందా అని చెప్పే) ఫంక్షన్ ఉందో లేదో చూడండి. అయిదో పాఠం అక్కడి నుంచే.