విమానం మాయమైందని ఫార్వర్డ్ వస్తే ఏం చూడాలి

విమానం కనిపించడం లేదన్న వార్త రాగానే పర్లాకిమిడి, బరంపురం గ్రూపుల్లో "దొరికేసింది" అంటూ ఫొటోలు మొదలైపోతాయి. ఒకే పుకారు ఒక గ్రూపులో ఒడియాలో, ఇంకోదాంట్లో తెలుగులో వచ్చిందని రెండు ఆధారాలు అనుకోకండి.

ముందు ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టండి, పాత ప్రమాదానిదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. విమానాలు ఎక్కడున్నాయో చూపించే ట్రాకింగ్ యాప్‌లో దారి గీత సముద్రం మధ్య ఆగిందంటే అక్కడే కూలిందని కాదు, నేల మీది రిసీవర్లకు సిగ్నల్ అందని దూరం కూడా అయి ఉండొచ్చు. ఇక ఉపగ్రహ చిత్రాల్లో తెల్ల మచ్చ కనిపిస్తే చాలు, రెక్క అనేస్తారు. గోపాల్‌పూర్ ఒడ్డున కాసేపు నిలబడితే తెలుస్తుంది, అలల నురగ ఎన్ని ఆకారాల్లో మెరుస్తుందో. 2014 మార్చి 8న 239 మందితో మాయమైన మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్370 కోసం లక్షలాది మంది ఇళ్లలో కూర్చుని ఇలాంటి చిత్రాలు జల్లెడ పట్టారు, ఏమీ దొరకలేదు. 2015 జులైలో దాని రెక్క భాగం ఒకటి ఎక్కడో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

పైలట్ మీద కథలు అల్లేవాళ్లతో వాదించకండి, టైం దండగ.

ప్రయాణికుల జాబితా మాత్రం అస్సలు పంపొద్దు, ఇంట్లోవాళ్లకు ఆ కబురు గ్రూపులో తెలియడం కంటే ఘోరం ఉండదు. మనవాళ్లు అందులో ఉన్నారేమోనని టెన్షన్‌గా ఉంటే, పీఎన్ఆర్ దగ్గర పెట్టుకుని ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో ఉన్న హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేయండి, ఫార్వర్డులో వచ్చిన నంబరుకు కాదు.