సైన్స్ ఫెయిర్ రోజులొస్తున్నాయి: పిల్లల చేత కెమిస్ట్రీ ప్రయోగాలు చేయించే ముందు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన దగ్గర నుంచి ఫిబ్రవరి 28 దాకా మన హైస్కూళ్లలో ల్యాబ్ బీరువాలు తెరుచుకునే కాలం. 1928లో సి.వి. రామన్ రామన్ ఫలితాన్ని కనుగొన్న రోజది. దాన్నే జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటాం. ఏడాదంతా తాళంలో ఉన్న సీసాలు అప్పుడే బయటికొస్తాయి. ఒక పక్క పదో తరగతి సిలబస్ ముగించాలి, మరో పక్క ప్రీ-ఫైనల్స్ టెన్షన్, మధ్యలో సైన్స్ ఫెయిర్. ఇరవై రెండేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. నా ఎదురుగా జరిగిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ ఆరు వారాల్లోనే జరిగాయి. ప్రతిసారీ కారణం ఒక్కటే: తొందర.

ప్రయోగాలు మానేయమని నేను చెప్పడం లేదు. ఆమ్లంలో వేసిన జింక్ ముక్క చుట్టూ బుడగలు లేవడం తన కళ్లతో చూసిన పిల్ల ఆ సమీకరణాన్ని బట్టీ పట్టదు, దానంతటదే గుర్తుండిపోతుంది. నేను అడిగేది రెండే. పదార్థం బాగా తగ్గించండి. పిల్లలకు చూపించే ముందు ఒకసారి మీరే చేసి చూసుకోండి.

నాకు ఈ పాఠం నేర్పింది స్పిరిట్ ల్యాంప్. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, మధ్యాహ్నం పీరియడ్. బల్ల కిటికీ పక్కనే ఉంది, ఎండ నేరుగా పడుతోంది. ల్యాంప్ ఆరిపోయిందనుకున్నాను. స్పిరిట్ మంట లేత నీలంగా ఉంటుంది, ఎండలో అసలు కనిపించదు. సీసా తీసి ల్యాంప్‌లో పోయబోయాను. భగ్గుమంది. బల్ల మీద ఒలికిన స్పిరిట్ వెంట మంట పాకి, ముందు బెంచీలో అమ్మాయి రికార్డు పుస్తకం అంటుకుంది. నా కుడి చేతి మీద బొబ్బలొచ్చాయి. ఆ అమ్మాయి ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. తప్పు పూర్తిగా నాదే.

అప్పటి నుంచి స్పిరిట్ సీసా తరగతి గదిలోకి రానివ్వను. ల్యాంపులు ముందే మూడింట రెండు వంతులు నింపి తెస్తాను. మధ్యలో స్పిరిట్ అయిపోతే ఆ ల్యాంప్ పని ఆ రోజుకి అయిపోయినట్టే. ఒక ల్యాంపుతో ఇంకో ల్యాంపు వెలిగించకూడదు, వంచితే స్పిరిట్ కారుతుంది. ఆర్పేటప్పుడు నోటితో ఊదకూడదు, మూత పెట్టాలి. బల్లను కిటికీ ఎండకు దూరంగా, ఫ్యాన్ గాలి తగలని చోట వేసుకోండి.

ఇదే సంగతి పెద్ద ఎత్తున అమెరికా బడుల్లోనూ జరిగింది. గిన్నెల్లో లవణాలు వేసి, మిథనాల్ పోసి రంగురంగుల మంటలు చూపించే ప్రదర్శన ఒకటుంది. మంట ఆరిందనుకుని మళ్లీ మిథనాల్ పోసినప్పుడు పిల్లలు తీవ్రంగా కాలిపోయారు. ఆ పద్ధతి మానేయమని అమెరికన్ కెమికల్ సొసైటీ కమిటీ 2014లో స్పష్టంగా చెప్పింది. ఆ వీడియోలు ఇప్పటికీ మన పిల్లల ఫోన్లలోకి వస్తున్నాయి. "టీచర్, ఇది చేద్దామా?" అని అడిగితే వద్దని చెప్పి ఊరుకోకండి, ఎందుకు వద్దో చెప్పండి. రంగు మంటలే కావాలంటే నిక్రోమ్ తీగ కొసను లవణ ద్రావణంలో ముంచి మంటలో పెట్టండి. రంగు అంతే బాగా కనిపిస్తుంది, పోయడానికి ఏమీ ఉండదు.

ముందురోజు సాయంత్రం

బడి వదిలాక ఓ గంట ల్యాబ్‌కి కేటాయించండి. మొదట సీసాల మీద లేబుళ్లు చూడండి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగలు పక్క సీసాల లేబుళ్లను తినేస్తాయి, ఇనుప స్టాండ్లకు తుప్పు పట్టిస్తాయి. లేబుల్ లేని సీసాలో ఏముందో వాసన చూసి తేల్చే పని పెట్టుకోవద్దు. దాన్ని విడిగా పెట్టి, "తెలియదు, తాకవద్దు" అని రాసి హెచ్ఎం గారికి చెప్పండి. కూల్ డ్రింక్ సీసాలో యాసిడ్ పోసి పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దాహంతో ఉన్న పిల్లవాడికి కనిపించేది సీసా ఒక్కటే. ఈ ఒక్క విషయంలో సర్దుబాటుకి ఒప్పుకోకండి.

ఆమ్లాలు కింది అరలో, ప్లాస్టిక్ ట్రేలో ఉండాలి. కంటికన్నా ఎత్తులో ఉన్న సీసాను దించేటప్పుడు జారితే మొహం మీదే పడుతుంది. పొటాషియం క్లోరేట్ ఉంటే గంధకానికి దూరంగా, వేరే బీరువాలో పెట్టండి. ఆ రెండూ కలిస్తే రాపిడికే పేలతాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చూడ్డానికి నీలం పటికబెల్లంలా ఉంటుంది. చిన్న తరగతుల పిల్లలు వచ్చే గది అయితే దాన్ని తాళంలోనే ఉంచాలి.

ఆమ్లాన్ని సజలం చేసే పని పిల్లల ముందు వద్దు. కళ్లద్దాలు పెట్టుకుని ముందురోజే మీరు చేసి పెట్టుకోండి. నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. ఇది అందరికీ తెలుసు, కానీ ఎందుకో తెలిస్తే మరిచిపోరు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికన్నా దాదాపు రెట్టింపు బరువు. దాని మీద నీళ్లు పోస్తే పైనే తేలి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి, ఆమ్లాన్ని వెంటేసుకుని ఎగిరి పడతాయి. జింక్ ప్రయోగానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. సుమారు 900 మిల్లీలీటర్ల నీళ్లలో 85 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం మెల్లగా కలిపి, చల్లారాక మొత్తం ఒక లీటరు చేస్తే ఒక మోలార్ ద్రావణం వస్తుంది. దాన్ని డ్రాపర్ సీసాల్లో పోసి, లేబుల్ అంటించి పెట్టుకోండి. గాఢ ఆమ్లం సీసా మళ్లీ తాళంలోకి వెళ్లిపోవాలి.

చెప్పులు బయట విడవనివ్వకండి

మన పిల్లలకు గది ముందు చెప్పులు విడిచి లోపలికి రావడం మర్యాద. ల్యాబ్‌కి మాత్రం అది పనికిరాదు. గాజు పగిలినా, యాసిడ్ చుక్క పడినా మొదట దొరికేది పాదమే. "ఈ రోజు చెప్పులు వేసుకునే రండి" అని నేను ముందురోజే చెబుతాను, ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు సంకోచంగా గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. వాళ్లను పేరు పెట్టి లోపలికి పిలవండి.

ఆడపిల్లలు చున్నీని భుజం మీద నుంచి తెచ్చి నడుముకి గట్టిగా ముడి వేసుకోవాలి. రెండు జడలు వెనక్కి కలిపి కట్టుకోవాలి. వంగినప్పుడు జడ కొస, రిబ్బను నేరుగా మంట మీదికే వస్తాయి. యూనిఫాం బట్టలో పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి మంట ఉన్న ప్రయోగంలో పొడుగు చేతులు మడిచి పెట్టించండి. సేఫ్టీ గాగుల్స్ అందరికీ సరిపడా ఉండవు, తెలుసు. అందుకే ఒక్కో గ్రూపులో పరీక్షనాళిక పట్టుకున్న వాళ్లకు ముందు ఇవ్వండి. ఎనిమిది గ్రూపులుంటే ఎనిమిది చాలు. అవి కూడా లేకపోతే మంట, ఆమ్లం ఉన్న ప్రయోగం మీరు చేసి చూపించండి, పిల్లలు రెండు మీటర్ల దూరంలో నిలబడతారు.

చుక్కలతో చేయించండి

నా అనుభవంలో ప్రమాదాన్ని అన్నిటికన్నా ఎక్కువ తగ్గించింది గాగుల్స్ కాదు, ఖాళీ మాత్రల స్ట్రిప్పులు. మాత్రలు తీసేశాక మిగిలే ఆ ప్లాస్టిక్ గుంటల్లో ఒక్కోదానిలో నాలుగైదు చుక్కలు పడతాయి. మెడికల్ షాపులో కాదు, ఇళ్ల నుంచే తెప్పించండి. బాగా కడిగి ఆరబెట్టండి. ఒక గుంటలో రెండు చుక్కల మైలుతుత్తం ద్రావణం, దాని మీద రెండు చుక్కల చాకలి సోడా నీళ్లు. నీలాకుపచ్చ అవక్షేపం అక్కడే గడ్డకడుతుంది. పక్క గుంటలో మందార పూల రసం, అందులో ఒక చుక్క నిమ్మరసం: ఎర్రగా మారుతుంది. ఆ పక్క గుంటలో అదే రసం, ఒక చుక్క సున్నపు తేట: ఆకుపచ్చ. నలభై మంది ఒకేసారి చేసినా తరగతి మొత్తానికి వాడిన ద్రావణం ఒక టీ గ్లాసుకు మించదు. ఒలికితే గుడ్డతో తుడిస్తే పోతుంది. వెనక బెంచీ పిల్లవాడు కూడా చూసే వాడిగా కాక చేసే వాడిగా ఉంటాడు.

భయపడాల్సిన ప్రయోగాలు

పదో తరగతి రసాయన చర్యల పాఠంలో లెడ్ నైట్రేట్‌ను వేడిచేసే ప్రయోగం ఉంది. గోధుమ రంగు వాయువు వస్తుంది, పిల్లలు సంబరంగా చూస్తారు. అది నైట్రోజన్ డయాక్సైడ్. రెండు గ్రాముల లెడ్ నైట్రేట్ పూర్తిగా విడిపోతే ఆ వాయువు పావు లీటరు దాటుతుంది. ఆరు గ్రూపుల చేత చేయిస్తే లీటరున్నర పైమాటే, తలుపులేసిన గదిలో అది చాలా ఎక్కువ. దీన్ని పీల్చినప్పుడు అప్పటికప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకపోవడం మొదలవుతుంది. ఆ పైన సీసం విషం. పిల్లల చేత వద్దు. అరగ్రాము కన్నా తక్కువ తీసుకుని వరండాలో, గాలి వీచే దిశ చూసుకుని మీరొక్కరే చేయండి. లేదంటే వీడియో చూపించండి. ఆస్తమా ఉన్న పిల్లలెవరో ముందే అడిగి తెలుసుకుని వాళ్లను దూరంగా కూర్చోబెట్టండి.

పొడి సున్నంలో నీళ్లు పోసే ప్రయోగాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నాకు మాత్రం ఆ పాఠంలో అన్నిటికన్నా భయం దాని మీదే. ఇంటికి సున్నం కొట్టేటప్పుడు కుండలో కుతకుత ఉడకడం పిల్లలు చూసే ఉంటారు కాబట్టి వాళ్లకు జంకు ఉండదు, తలలన్నీ బీకరు మీదికి వంగుతాయి. అదే క్షణంలో చిటపటమని చిందుతుంది. కంట్లో పడిన సున్నం ఆమ్లం కన్నా లోతుకు దిగుతుంది. వెడల్పు మూతి బీకరులో శనగ గింజంత గడ్డ వేసి, నీళ్లు డ్రాపర్‌తో చుక్కలుగా వేయించండి. తలలు పైకి. వేడిని బీకరు బయటి గోడకు చెయ్యి ఆనించి చూడమనండి.

మెగ్నీషియం రిబ్బన్ రెండు సెంటీమీటర్లు చాలు. పొడవాటి పట్టుకారుతో పట్టాలి, వెలుగు వైపు నేరుగా చూడకూడదు. అది కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మండుతుంది, నీళ్లు పోస్తే ఇంకా రెచ్చిపోతుంది. పక్కన పొడి ఇసుక బకెట్ ఉండాల్సిందే. జింక్ ప్రయోగంలో వచ్చే హైడ్రోజన్‌కు మంట చూపితే వచ్చే "టప్" శబ్దం పరీక్షనాళిక మూతి దగ్గరే వినిపించాలి. సీసాలోనో, బెలూన్‌లోనో నింపి వెలిగిద్దామన్న మాటే రానివ్వకండి. సోడియం ముక్క, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఎస్టర్ తయారీ: రెండూ మీ చేతుల్లోనే ఉండాలి.

సైన్స్ ఫెయిర్ మోడల్స్ విషయం ఇంకా జాగ్రత్త. అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ పొడి, దాని నుంచి ఎగిరే దుమ్ము రెండూ హానికరం. ఆ డైక్రోమేట్ క్యాన్సర్ కారకం కూడా. వంటసోడా, నిమ్మరసం, కాస్త ఎర్ర రంగుతో చేసిన అగ్నిపర్వతం చాలు. ఇంటి దగ్గర చేసి తెచ్చే పిల్లలను, వాళ్ల అమ్మానాన్నలను పిలిచి రెండు మాటలు గట్టిగా చెప్పండి. బ్లీచింగ్ పౌడర్‌ని టాయిలెట్ క్లీనర్‌తో కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. మూత బిగించిన సీసాలో వాయువు పుట్టే ఏ ప్రయోగమూ చేయకూడదు, సీసా పేలి ముక్కలు మొహంలో దిగుతాయి.

ఏదైనా జరిగితే

మన ల్యాబుల్లో చాలా చోట్ల కుళాయి ఉండదు. రెండు బకెట్ల శుభ్రమైన నీళ్లు, మగ్గు, మూతకు నాలుగు చిల్లులు పెట్టిన నీళ్ల సీసా బల్ల దగ్గరే ఉండాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి బయటికి, 20 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండండి. పిల్లవాడు ఏడుస్తాడు, మనకు మనసు ఆగదు, ఐదు నిమిషాలకే ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. ఒకరు గడియారం చూడాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. చర్మం మీద ఆమ్లం పడితే వంటసోడా రుద్దకండి, నీళ్లే. కాలిన చోట టూత్‌పేస్ట్, పసుపు, ఇంకు ఏవీ వద్దు, 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోసి శుభ్రమైన గుడ్డ కప్పండి. మింగితే వాంతి చేయించకండి. సీసా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంటివాళ్లకు మీరే ఫోన్ చేయండి, పిల్లల నోటి ద్వారా తెలియనివ్వకండి.

ఇంకొక చిన్న సంగతి టైమ్‌టేబుల్‌లో ఉంది. ప్రయోగం పీరియడ్ మధ్యాహ్న భోజనానికి ముందు పడితే పిల్లలు నేరుగా పళ్లేల దగ్గరికి పరుగెడతారు, చేత్తోనే తింటారు. వీలైతే పీరియడ్ మార్పించుకోండి. లేకపోతే గంట కొట్టడానికి పది నిమిషాల ముందే ఆపి, సబ్బు ఇచ్చి, మీరు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతులు చూసి పంపండి. సీసం, బేరియం కలిసిన నీళ్లను చెట్ల మొదట్లో పోయకండి, లేబుల్ వేసిన డబ్బాలో పోసి దాచండి.

అందరూ వెళ్లాక సీసాలు, మెగ్నీషియం చుట్ట, అగ్గిపెట్టెలు లెక్క చూసుకోండి. చుట్ట పొడవు తగ్గిందనిపిస్తే కోప్పడకుండా ఆ సాయంత్రమే అడగండి. సరదాగా జేబులో వేసుకున్న పిల్లవాడు మెల్లగా అడిగితే తెచ్చి ఇచ్చేస్తాడు. ఆ తర్వాతే తాళం వేయండి.