మినియేచర్ గుర్రానికి బండి కుదరకపోతే ఎక్కడ చూడాలి?

మినియేచర్ గుర్రం మొండికేస్తే ముందు బండిని అనుమానించండి. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ నియమం ప్రకారం దీని ఎత్తు, జూలు చివరి వెంట్రుకల దగ్గర కొలిస్తే, 34 అంగుళాలు దాటకూడదు. అంత చిన్న ఒంటికి, దీనికన్నా పెద్దవైన పోనీ జాతి గుర్రాల బండి కట్టడంతోనే సగం తిప్పలు మొదలవుతాయి.

బయల్దేరనంటుంది, చెవులు వెనక్కి పెట్టి వీపు దించుకుంటుంది

రెండు చక్రాల బండి అయితే మొదట మొగ్గు చూడండి. చక్రాలు పెద్దవైతే ఇరుసు ఎత్తులో ఉంటుంది. నొగలను, అంటే గుర్రానికి రెండు పక్కలా వచ్చే బండి కర్రలను, గుర్రం ఎత్తుకు దించగానే బండి ముందుకు ఒరిగి, మీ బరువు దాని వీపు మీద పడుతుంది. చక్రాలు మరీ చిన్నవైతే నొగలు పైకి లేచి, పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది.

గుర్రాన్ని కట్టకముందే బండిని చదునైన చోట నిలిపి, మీరు సీట్లో కూర్చోండి. ఇంకొకరిని నొగల కొసలు గుర్రానికి కట్టే ఎత్తులో పట్టుకోమనండి. రెండు వేళ్లతో ఆపగలిగితే సరిగ్గా ఉన్నట్టే. చేతికి బరువు తగిలితే సీటు వెనక్కి, నొగలు పైకి తన్నుతుంటే ముందుకు జరపాలి. అంగుళం జరిపినా తేడా తెలుస్తుంది. సీటు జరగని బండికి చక్రాలు మార్చాల్సిందే. 20 నుంచి 24 అంగుళాలవి ఎక్కువగా నప్పుతాయి. తోలే మనిషి మారితే ఈ పరీక్ష మళ్లీ చేయాలి, చాలామంది వదిలేసేది ఇదే.

వెనక కాళ్లు బండికి తగులుతున్నాయి

నొగలు పొట్టివై ఉండాలి, లేదా తొడల వెనక పట్టీ వదులై ఉండాలి. నొగల కొస భుజం ఎముక దగ్గర ఆగాలి. అంతకన్నా ముందుకొస్తే మలుపులో పగ్గాలకు తగులుకుంటుంది. దిగుడులో బండి గుర్రం మీదికి దూసుకొస్తుంటే ఆ వెనక పట్టీ బిగించండి.

తొందరగా అలసిపోతుంది

ముందు టైర్లలో గాలి చూడండి. గట్టి, చదునైన దారిలో బండీ మనుషులూ కలిపి గుర్రం బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదని చాలామంది పాటించే లెక్క. ఇసుకలో, ఎత్తు దారిలో నేనైతే గుర్రం బరువు దాటనివ్వను.

రొమ్ము దగ్గర వెంట్రుకలు ఊడుతున్నాయి

లాగుడు పట్టీలు తగిలించే అడ్డకర్ర కదలకుండా బిగించి ఉందేమో చూడండి. అది భుజాల కదలికతో పాటు అటూ ఇటూ తిరగాలి, లేకపోతే అడుగడుక్కీ రొమ్ము పట్టీ రాసుకుంటుంది. ఆ పట్టీ గొంతు గొట్టానికి తగలకుండా, భుజం కీలుకు పైన ఉండాలి. పుండు పడితే మానేదాకా బండి కట్టకండి.