మూడో లెవెల్ దొంగ, తొమ్మిదో లెవెల్ మాంత్రికుడు

పాచికలు వేస్తూ ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు 2014లో వచ్చిన 5వ ఎడిషన్ నియమాలతో నేను నడిపే ఆటలో, తొమ్మిదో లెవెల్ మాంత్రికుడి పక్కన ఒక కొత్త ఆటగాడి మూడో లెవెల్ దొంగ చేరాక, ప్రతి పోరాటంలోనూ ఆ దొంగకు దాక్కోవడమే పనిగా మిగిలింది. శత్రువులను బలహీనపరచి చూశాను. అది మాంత్రికుడికి అన్యాయమైంది.

నియమాలను మళ్లీ చదివితే, అసలు అంతరం ప్రాణబలంలోనూ దెబ్బ తీవ్రతలోనూ ఉందనీ, నైపుణ్యంలో అంతగా లేదనీ అర్థమైంది. ప్రావీణ్యం ఉన్న పనిలో పాచికపై పడిన అంకెకు కలిపే బోనస్ మాంత్రికుడికి 4, దొంగకు 2 మాత్రమే అయినా, తాళాలు తీయడం వంటి తాను ఎంచుకున్న రెండు విద్యల్లో దొంగకు అది రెట్టింపై 4కు చేరుతుంది. అందుకే మాంత్రికుడు రాక్షసులను నిలువరిస్తుండగా, గుహ కూలేలోపు దొంగే తాళం తీయవలసిన ఘట్టాన్ని రాశాను. ఆ రాత్రి అతను పాచిక వేస్తుంటే బల్ల చుట్టూ ఉన్నవారందరూ ఊపిరి బిగబట్టి చూశారు.